వలపందిట్లో టమాట: ఇంటి దగ్గర చేసుకునే పాఠం



మీ ఇంటి మనిషి ఇక్కడ మంచం మీద ఉండగా మొక్కల పెంపకం గురించి చదవమంటున్నారేమిటి అనుకోకండి. డిశ్చార్జి రోజున మీలో చాలామంది అడిగే ప్రశ్న "ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు?" అనే. ఆ మాటల్లో టమాట తప్పకుండా వస్తుంది, ఎందుకంటే మన పప్పులో, చారులో, తొక్కులో అది లేని రోజు అరుదు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళు కొందరు దీన్ని ఇప్పటికీ రామ్ములక్కాయ అంటారు. ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి, ఓడలెక్కి మన దేశం వచ్చిన కాయ ఇది. ఇప్పుడు మన వంట దాని మీదే నడుస్తోంది.

బజారులో కొన్న కాయ మీద ఏ మందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. ధర సంగతి చెప్పనక్కరలేదు. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కొన్ని నెలలు గడిస్తే అదే కాయను రైతు రోడ్డు పక్కన పారబోసే రోజులూ వస్తాయి. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఇండ్లకు చిన్న పెరడో, పైన డాబానో ఉంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు చోటుంటే చాలు, ఇంటికి కావలసిన టమాటలో చాలా భాగం పండించుకోవచ్చు. బీడీలు చుట్టే ఇల్లయితే ఈ పాఠంలో తంబాకు గురించి రాసిన భాగాన్ని మాత్రం వదలకుండా చదవండి. చదవడం రాని అక్కకు చదివి వినిపించండి.

మనకు గాజు ఇల్లు వద్దు

గ్రీన్‌హౌస్ అనే మాట చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ బయట మంచు కురుస్తుంటే గాజు ఇంట్లో వేడిని పట్టి ఉంచి మొక్కను కాపాడతారు. మన కష్టం దానికి తలకిందులు. మే నెలలో జగిత్యాల, కోరుట్ల పరిసరాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. అలాంటి చోట ప్లాస్టిక్ కవరు చుట్టూ బిగించి కడితే లోపల మొక్కలు ఉడికిపోతాయి. టీవీలో చూసి ఉత్సాహపడి అలా కట్టినవారు మొదటి వేసవిలోనే విసిగి వదిలేస్తారు.

టమాటకు పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 25 కంటే తగ్గకపోయినా పుప్పొడి సరిగా పనిచేయదు. పూత వస్తుంది, రాలిపోతుంది. కాసిన కాయ కూడా ఎర్రబడదు. ఎరుపునిచ్చే లైకోపిన్ అనే పదార్థం 30 డిగ్రీలు దాటితే సరిగా తయారు కాదు, అందుకే ఎండాకాలం కాయ పసుపు, నారింజ కలిసిన రంగులో ఆగిపోతుంది. అది రోగం కాదు, మీ తప్పూ కాదు.

కాబట్టి మనకు కావలసింది వలపందిరి. నాలుగు మూలలా గట్టి బొంగులో, ఇనుప పైపులో పాతండి. ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గించవద్దు, ఎత్తు తగ్గితే వేడి గాలి మొక్కల మీదే కూర్చుంటుంది. పైన సగం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్ వేయండి. పక్కలకు తెల్లదోమ దూరనంత సన్నని తెల్ల వల కట్టండి. దుకాణంలో 40 మెష్ అని అడిగితే ఇస్తారు. అంతకన్నా బాగా సన్నటిది తెస్తే గాలి ఆడదు. తలుపు చోట వలను రెండు పొరలుగా వేలాడదీయండి. వానాకాలంలో పైన మాత్రమే పాలిథిన్ కవరు వేసి పక్కలు వదిలేయాలి, ఆకులు ఎంత పొడిగా ఉంటే తెగుళ్ళు అంత తక్కువ. చలికాలం రాగానే పైనున్న ఆకుపచ్చ వల తీసేయండి. నవంబరులో కూడా దాన్ని అలాగే ఉంచితే మొక్క వెలుగు కోసం సన్నగా పైకి సాగుతుంది, పూత తగ్గుతుంది.

వేములవాడలో ఉన్నవారు కోతుల సంగతి అడుగుతారు. షేడ్ నెట్ కోతిని ఆపలేదు, ఒక్క రోజులో చింపేస్తుంది. వాటి బెడద ఉన్న వీధిలో బయట ఒక వరస ఇనుప జాలీ తప్పదు. ఖర్చు ఎక్కువే. అంత పెట్టలేకపోతే డాబా మీద కాకుండా, మనిషి అలికిడి ఉండే వాకిట్లో చిన్నగా మొదలుపెట్టండి.

ఇంకో నిజం చెప్పాలి. వల నీడనిస్తుందే గానీ వడగాలిని చల్లబరచలేదు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వానల దాకా కాత మీద ఆశ పెట్టుకోవద్దు. జూన్, జులైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి నారు పోసుకోండి. నారు 25 నుంచి 30 రోజుల్లో నాటడానికి వస్తుంది. అక్టోబరు నారుతో వచ్చే చలికాలపు కాతే మన ప్రాంతంలో అన్నిటికంటే మంచిది.

ఏ రకం, ఎవరికి

ఒకే రకం పదిహేను మొక్కలు పెట్టే బదులు మూడు రకాలు ఐదేసి పెట్టడం మేలు. ఒకటి దెబ్బతిన్నా మరొకటి నిలుస్తుంది. పైగా ఇంట్లో అందరికీ ఒకే కాయ సరిపడదు.

బజారులో మనం నాటు, హైబ్రిడ్ అని రెండు మాటలతో సరిపెడతాం. నాటు అంటే పలుచని తోలు, గాట్లు, పులుపు, రసం. చారుకు దానికి సాటి లేదు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పాత రకం పూసా రూబి ఈ తీరుకు దగ్గరగా ఉంటుంది. కాయ కొంచెం చదునుగా ఉంటుంది, త్వరగా కాపుకు వస్తుంది, కానీ కోశాక ఎక్కువ రోజులు నిలవదు. ఇంటికి ఆ లోపం లోపమే కాదు, కోసిన పూటే వండుతాం కదా.

తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం-1 పొట్టిగా, పొదలా పెరుగుతుంది. తొట్టిలో, పాత పెయింటు బకెట్టులో కూడా సరిపోతుంది. కాయ భుజాల దగ్గర ఆకుపచ్చగా ఉంటుంది, అది పచ్చిదనుకుని వదిలేయకండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధనా సంస్థ అర్క పేరుతో ఇచ్చినవి చాలా ఉన్నాయి. అర్క వికాస్ కొంత నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది. అర్క రక్షక్ హైబ్రిడ్. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు, ఈ మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. కాయ గట్టిది, నిలవ ఉంటుంది. తర్వాత వచ్చిన అర్క అభేద్ ఈ మూడింటితో పాటు చల్లని ముసురులో వచ్చే మరో మాడు తెగులును కూడా తట్టుకుంటుంది. మొదటిసారి పెట్టేవారు వీటిలో ఒకటి తప్పక పెట్టుకోండి, మనసు విరగకుండా ఉంటుంది. అయితే హైబ్రిడ్ కాయ విత్తనం దాచి మళ్ళీ వేస్తే అదే మొక్క రాదు. పూసా రూబి, పి.కె.ఎం-1, అర్క వికాస్ విత్తనాలు మాత్రం మీరే దాచుకోవచ్చు.

మూడో వరుసకు చెర్రీ టమాట పెట్టమంటాను. గోలీ కాయంత పండు. తీగలా పైకి పోతుంది, తాడు కట్టి పాకించాలి. వేడిని మిగతావాటికన్నా కొంచెం బాగా ఓర్చుకుంటుంది, తియ్యగా ఉంటుంది. అన్నం సయించని రోగి కూడా రెండు మూడు నోట్లో వేసుకుంటాడు. ఇక్కడే ఒక జాగ్రత్త. ఐదేళ్ళ లోపు పిల్లలకు, పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దవారికి ఈ పండును ముద్దగా ఎప్పుడూ ఇవ్వవద్దు. నున్నగా జారి గొంతులో అడ్డుపడుతుంది. నాలుగు ముక్కలుగా కోసి పిల్లలకు ఇవ్వండి. మింగడం కష్టమైనవారికి మెత్తగా వండి, ఏ తీరులో పెట్టాలో నర్సును అడిగి తెలుసుకున్నాకే పెట్టండి.

తీగ రకాలకు ఆకు పక్క నుంచి వచ్చే పిలకలను గిల్లేస్తూ ఉండాలి. పొట్టి రకాలకు గిల్లవద్దు, కాత పోతుంది. టమాట పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, కాయ పట్టాలంటే పువ్వు కదిలితే చాలు. పొలంలో ఆ పని గాలి చేస్తుంది. వలలో గాలి తక్కువ కాబట్టి ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య తాడును వేలితో మెల్లగా తట్టండి. ఇంట్లో కోలుకుంటున్న మనిషికి అప్పగించదగిన పని ఇది, కూర్చున్న చోటు నుంచే చేయవచ్చు.

తంబాకు అంటిన చేతులు

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో ఎంతమంది అక్కలు, అమ్మలు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారో మీకు తెలుసు. తంబాకు, టమాట ఒకే కుటుంబం మొక్కలు. తంబాకు ఆకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటకూ అంటుతుంది. ఆకును ఎండబెట్టినా, పొడి చేసినా ఆ వైరస్ చావదు, ఏళ్ళ తరబడి ఉంటుంది. బీడీలు చుట్టి లేచి, ఆ చేతులతోనే వచ్చి పిలక గిల్లారంటే ఆ చిన్న గాయం గుండా అది మొక్కలోకి పోతుంది. ఒక మొక్క నుంచి మరో మొక్కకు కూడా మన వేళ్ళే మోస్తాయి.

పైన చెప్పిన వల అంతా ఎగిరి వచ్చేవాటిని ఆపడానికే. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడతను అది ఆపుతుంది. ఈ మొజాయిక్ మాత్రం మనతో పాటు తలుపు లోంచే నడిచి వస్తుంది. అర్క రక్షక్ తట్టుకునే మూడు తెగుళ్ళలో ఇది లేదు. రెండింటికీ తేడా చూడండి. ఆకుముడతలో ఆకులు పైకి దొప్పలా ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. మొజాయిక్‌లో ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తాయి, కొన్నిసార్లు ఆకు సన్నగా పీచులా మారుతుంది. దీనికి మందు లేదు. ఆ మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయాలి, ఎరువు గుంతలో వేయవద్దు. ఆ మట్టిలో మరుసటి పంటకు టమాట, మిరప పెట్టవద్దు. ఆ కాయ తింటే మనిషికి ఏమీ కాదు, భయం వద్దు.

చేయవలసింది చిన్న పని. పందిట్లోకి వెళ్ళే ముందు సబ్బుతో గోళ్ళ సందులు, మోచేతుల దాకా రుద్ది కడుక్కోవాలి. తంబాకు పొడి పడిన చీర కొంగు మొక్కలకు తగలకుండా దోపుకోవాలి, వీలైతే వేరే పాత అంగీ పైన వేసుకోవాలి. కరోనా కాలంలో అలవాటైన శానిటైజర్ ఇక్కడ పనిచేయదు, ఈ వైరస్ దానికి లొంగదు. నారు నాటే రోజున కడిగిన చేతులను వెన్న తీసిన పాలలో ముంచి పనిచేస్తే ఇంకా మంచిది, పాలలోని మాంసకృత్తులు వైరస్‌ను పట్టేస్తాయి. పురుగు పట్టదని చెప్పి మొక్కల మొదట్లో తంబాకు దుమ్ము చల్లే అలవాటు కొన్ని ఇండ్లలో ఉంది. టమాట దగ్గర అది అసలు వద్దు. బీడీ, చుట్ట తాగే మగవారికీ ఇదే నియమం.

మొక్క కోసం ఇంత చెప్తున్నాం సరే, అదే చేత్తో పిల్లవాడికి బువ్వ కలిపి పెడుతున్నామా? తంబాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. చుట్టేవారికి తల తిరగడం, వికారం రావడం మీరు చూసే ఉంటారు. పసివాడికి అంతకన్నా చాలా కొంచెం చాలు. చాట పక్కన బిడ్డను పడుకోబెట్టవద్దు. పందిరి తలుపు దగ్గర పెట్టిన సబ్బు లాంటిదే మరొకటి వంటింటి గుమ్మం దగ్గర కూడా పెట్టుకోండి.

మందు డబ్బా ఇంట్లోకి రానివ్వకండి

వల సరిగా ఉంటే పురుగుల మందు అవసరం దాదాపు ఉండదు. పసుపు రంగు అట్టకు ఆముదం రాసి వేలాడదీస్తే లోపలికి దూరిన తెల్లదోమ అతుక్కుంటుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లవచ్చు. పందిరి బయట ఒక వరుస బంతి పెట్టండి. కాయ తొలుచు పురుగు తల్లి టమాట కన్నా బంతి పువ్వు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బతుకమ్మకు పూలూ అవుతాయి.

పొలానికి తెచ్చిన మందులో కొంచెం మిగిలిందని ఇంటి మొక్కలకు కొట్టేవారున్నారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అంతకన్నా పెద్ద మాట మరొకటి ఉంది. మందు డబ్బా చేతికందేలా ఉన్న ఇంట్లో ఒక్క క్షణపు కోపం, ఒక్క రాత్రి దిగులు ప్రాణం మీదికి వస్తాయి. జబ్బుతో, అప్పుతో కుంగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆ డబ్బా ఇంట్లో ఉండనే కూడదు. అనుకోకుండా ఎవరి ఒంటి మీదైనా మందు పడినా, నోట్లోకి పోయినా, బట్టలు విప్పి సబ్బుతో కడిగి, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, డబ్బా వెంటబెట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి. మనిషి దిగులుగా, మాట్లాడకుండా ఉంటే ముందే చెప్పండి. అది చెప్పుకోవడంలో సిగ్గు లేదు.

సెలైన్ సీసాలు అడగవద్దు

వాడేసిన సెలైన్ సీసా, గొట్టం ఇస్తే మొక్కలకు చుక్కచుక్కగా నీళ్ళు పెట్టుకుంటామని వార్డులో అడుగుతుంటారు. ఆలోచన మంచిదే, వస్తువు మంచిది కాదు. వాటికి రక్తం అంటి ఉండవచ్చు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని మేము బయటికి ఇవ్వకూడదు. సిస్టర్ కాదన్నప్పుడు కోపగించుకోకండి. మంచినీళ్ళ సీసా మూతకు సన్నని రంధ్రం చేసి తలకిందులుగా కడితే అదే పని జరుగుతుంది.

నీళ్ళు ఒక రోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచేయడం టమాటకు గిట్టదు. కాయ పగులుతుంది, లేదా అడుగున నల్లగా కుంగుతుంది. ఆ నలుపు తెగులు కాదు, నీరు సమంగా అందక సున్నం కాయ దాకా చేరకపోవడం. మొదట్లో వరిగడ్డి పరిచి, రోజూ ఒకే వేళకు పెడితే సర్దుకుంటుంది. డ్రమ్ముకు మూత ఉండాలి, లేకపోతే డెంగ్యూ దోమను మనమే పెంచినట్టవుతుంది. షుగరు ఉన్నవారు పందిట్లోకి చెప్పులు లేకుండా వెళ్ళవద్దు. బొంగు పేడు గుచ్చుకున్నా తెలియని కాళ్ళు వారివి.

కాసిన కాయ ఎవరికి ఎంత

షుగరు, బి.పి. ఉన్నవారు టమాట తినవచ్చు. దానిలో నూటికి 94 పాళ్ళు నీరే, తీపి తక్కువ. బి.పి. ఉన్నవారికి అసలు చిక్కు నిల్వ తొక్కుతో. అందులో ఉప్పు చాలా ఉంటుంది. పందిట్లో కాయ ఉంది కాబట్టి ఏ పూటకాపూట రోట్లో నూరి, పులుపుతో సరిపెట్టి ఉప్పు తగ్గించండి.

రక్తం తక్కువైన ఆడవారికి, బాలింతలకు తోటకూరలో టమాట వేసి వండండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, టమాటలోని సి విటమిన్ దాన్ని పట్టేలా చేస్తుంది. ఎక్కువసేపు ఉడికితే ఆ విటమిన్ తగ్గుతుంది కాబట్టి టమాట చివర్లో వేయండి. తిన్న వెంటనే చాయ్ తాగితే ఈ మేలు పోతుంది, ఒక గంట ఆగమనండి.

టమాట తింటే కిడ్నీలో రాళ్ళు వస్తాయని గట్టిగా నమ్ముతారు. రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేటు టమాటలో చాలా తక్కువ, పాలకూరలో చాలా ఎక్కువ. రెండూ కలిపి వండుకుని నింద టమాట మీద వేస్తున్నాం.

కిడ్నీలు దెబ్బతిన్నవారి సంగతి మాత్రం వేరు. వంద గ్రాముల టమాటలో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేస్తాయి. పాడైన కిడ్నీలు పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారు ఇంట్లో పండింది కదా, మందు కొట్టనిది కదా అని ఎక్కువ తినడం ప్రమాదం. కొన్ని రకాల బి.పి., గుండె మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు, ఇంట్లో రోజుకు ఎన్ని టమాటలు వండుతున్నారో, అందులో రోగి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు గారికి చూపించండి.